కథ ఎవరు చెబుతున్నారు?



ఎవరి పేరు మీద ఈ ధర్మనిధి ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర నేను చదువుకున్నాను. ఆయన తరగతిలో కథ అంటే ముందు పైకి చదవడమే. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. కథ పూర్తయ్యేదాకా వస్తువు, శిల్పం, పాత్రచిత్రణ లాంటి మాటలు ఎవరూ ఎత్తకూడదు. చదవడం అయ్యాక ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ కథ మనకు చెప్పింది ఎవరు? రచయిత పేరు చెబితే ఒప్పుకునేవారు కాదు. ఎందుకు ఒప్పుకోలేదో నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ అర్థమైనదే ఈ పూట మీ ముందు పెడతాను.

కథా సాహిత్యంలోని మూలాంశాల గురించి విద్యార్థులకు పనికొచ్చేలా మాట్లాడమని నిర్వాహకులు కోరారు. వస్తువు, ఇతివృత్తం, సంవిధానం, పాత్ర, నేపథ్యం, సంభాషణ, దృక్కోణం, శైలి: ఇవన్నీ మీ సిలబస్‌లో ఉన్నాయి. వీటికి నిర్వచనాలు గైడ్లలో దొరుకుతాయి. పరీక్షకు ఆ నిర్వచనాలు సరిపోతాయేమో గానీ కథ చదవడానికి సరిపోవు. ఎందుకంటే కథలో ఇవి విడివిడిగా ఉండవు. అందుకని నేను ఒక్కొక్క మాటనూ వరసగా వివరించను. వీటిలో దృక్కోణాన్ని పట్టుకుంటాను. కథ ఎవరి కళ్ళతో కనబడుతోంది, ఎవరి గొంతుతో వినబడుతోంది అన్నది తేలితే మిగిలినవన్నీ ఎందుకు అలా ఉన్నాయో తెలుస్తుందని నా నమ్మకం.

మీకందరికీ తెలిసిన కథతో మొదలుపెడతాను. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. గోపాలరావు చదువుకున్నవాడు. భార్య కమలినికి కూడా చదువు చెప్పించినవాడు. సానుల పాట మరిగి రాత్రిళ్ళు ఆలస్యంగా ఇల్లు చేరుతుంటాడు. ఒక రాత్రి ఒంటిగంట దాటాక వచ్చేసరికి భార్య గదిలో లేదు. నౌకరు రాముణ్ణి లేపుతాడు, కొడతాడు, మళ్ళీ నొచ్చుకుంటాడు. ఉత్తరం ఒకటి దొరుకుతుంది. భార్య తనను వదిలి వెళ్ళిపోయిందనుకుని కుంగిపోతాడు. చివర మంచం కింద నుంచి నవ్వు వినబడుతుంది.

ఇందులో జరిగిన సంగతులను జరిగిన వరసలో పెట్టి చూడండి. భర్త దారి తప్పాడు. భార్య అతన్ని దిద్దాలనుకుంది. ఉత్తరం రాసింది. మంచం కింద దూరింది. భర్త వచ్చాడు, వెతికాడు, పశ్చాత్తాపపడ్డాడు. ఇలా చెబితే సంగతులన్నీ ఉంటాయి, కథ మాత్రం ఉండదు. జరిగిన సంగతుల వరస ఇతివృత్తం. వాటిని పాఠకుడికి ఏ క్రమంలో, ఎంత మేరకు అందించాలన్న ఏర్పాటు సంవిధానం. గురజాడ ఆ రాత్రి మధ్యలో, మూసిన తలుపు ముందు మొదలుపెట్టారు. అంతకుముందు జరిగినదంతా మనం గోపాలరావు తడబాటులోంచే పోల్చుకోవాలి.

అలా మొదలుపెట్టే వీలు ఆయనకు ఎక్కడిది? చెప్పే గొంతు మూడో మనిషిదే అయినా కళ్ళు గోపాలరావువి కావడం వల్ల వచ్చింది. అతనికి కనబడనిది మనకూ కనబడదు. మంచం కిందికి కథకుడు ఒక్కసారి తొంగి చూసినా కథ అక్కడితో అయిపోయేది. అంటే సంవిధానం దృక్కోణం మీద నిలబడి ఉంది. ఇప్పుడు అదే రాత్రిని కమలిని చెప్పిందనుకోండి. చీకట్లో నేల మీద పడుకుని, పైన భర్త నౌకరును కొట్టడం, తనను తలచుకుని బాధపడటం, తనకు చదువు చెప్పించినందుకు తర్కించుకోవడం వింటున్న ఆడమనిషి కథ అవుతుంది. మలుపు ఉండదు. బహుశా నవ్వు కూడా అంత తేలిగ్గా రాదు. ఆ ఇంట్లో ఆమె అంతకుముందు గడిపిన రాత్రులన్నీ ఈ రాత్రిలోకి వస్తాయి. సంగతులు మారలేదు, వస్తువు మారిపోయింది. రాముడు చెబితే మూడో కథ. వాడికి ఎంత తెలుసు, దెబ్బలు తిన్న తర్వాత వాడి మనసులో ఏముంది అన్న ప్రశ్న గురజాడ కథలో తెరిచే ఉంది. దాన్ని పూరించే పని ఇంతవరకు మనం పాఠకుడికే వదిలేశాం.

తెలుగులో తొలి కథ ఏదన్న చర్చ మీరు విని ఉంటారు. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902 నాటిది. అది కూడా తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య నిలబెట్టిన కథే. ఎవరు ముందన్న లెక్క తేల్చడం కంటే ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవడం విద్యార్థికి ఎక్కువ లాభం. ఒకదానిలో భార్య భర్త ఎదుట నిలబడి మాట్లాడుతుంది. రెండోదానిలో భార్య ఉత్తరంలోనూ నవ్వులోనూ మాత్రమే ఉంటుంది. వస్తువు దగ్గర దగ్గరదే, కథకుడు నిలబడిన చోటు వేరు.

ఈ మాటలన్నీ ఇంగ్లీషు నుంచి దిగుమతి అయినవనీ, మన సంప్రదాయంలో ఇలాంటి ఆలోచన లేదనీ కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. భరతుడి నాట్యశాస్త్రం నుంచీ బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం అనీ, ముఖం మొదలు నిర్వహణ వరకు అయిదు సంధులనీ రూపకాన్ని విడదీసి చూశారు. ధనంజయుడు దశరూపకంలో వస్తువు, నేత, రసం అన్న మూడింటితో రూపకాలను వేరు చేశాడు. 1863లో జర్మనీలో గుస్తావ్ ఫ్రైటాగ్ నాటకాన్ని అయిదు భాగాలుగా చూపించిన బొమ్మ మీ పాఠ్యపుస్తకాల్లో గోపురంలా గీసి ఉంటుంది. ఈ రెండూ నాటకానికి పుట్టిన కొలతలే. కథకు, నవలకు వాటిని యథాతథంగా పెట్టి చూస్తే చాలా మంచి కథలు ఆ కొలతకు అందవు. పరాకాష్ఠ ఎక్కడుందో చెప్పమని చాసో కథ కింద ప్రశ్న వేయడం విద్యార్థికి అన్యాయం.

మన కావ్యాల్లోనే సంవిధానానికి గొప్ప ఉదాహరణ పింగళి సూరన 'కళాపూర్ణోదయం'. పదహారో శతాబ్దపు ఈ కావ్యంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే తర్వాత జరుగుతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరు విని మరొకరికి చెబుతారు. మొదట విన్నదాని అర్థం చాలా దూరం వెళ్ళాక గానీ తెలియదు. జరిగిన వరస వేరు, చెప్పిన వరస వేరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము'లో సూరనను పట్టుకుని కథానిర్మాణం గురించి రాయడం తెలుగు విమర్శలో పెద్ద అడుగు. అంతకంటే వెనక్కి వెళితే భారతమే ఒకరు చెప్పగా ఇంకొకరు విన్న కథ: వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పాడు, దాన్ని సూతుడు శౌనకాదులకు చెప్పాడు. బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. ఒక వంత హాస్యం చెబితే రెండో వంత రాజకీయం చెబుతుంది. ఒకే కథను మూడు గొంతులు పంచుకోవడం, ఒక గొంతు చెప్పినదాన్ని ఇంకో గొంతు ప్రశ్నించడం మన పల్లెల్లో జనం రాత్రంతా కూర్చుని విన్నారు. కాబట్టి కథ ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. అచ్చులోకి వచ్చాక ఆ చెప్పేవాడు కంటికి కనబడటం మానేశాడు. అందువల్ల వాణ్ణి వెతుక్కోవలసి వచ్చింది.

ఇక ఉత్తమ పురుష కథనం. 'నేను' అని చెప్పే కథ. దీన్ని తేలికైన పద్ధతి అనుకుంటారు, రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ కూడా. నా లెక్కలో ఇది అన్నింటికంటే కష్టమైనది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశం' తీసుకోండి. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరి, తన ప్రయాణం తానే చెప్పుకుపోతాడు. అతను చెప్పేది ఒకటి, మనకు కనబడేది ఇంకొకటి. తన తెలివి గురించి అతనికి సందేహం లేదు. మనకు మాత్రం ప్రతి మలుపులోనూ అతనికి తెలియనిది తెలుస్తుంటుంది. ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు'లో పిల్లవాడు పెద్దవాళ్ళ ప్రపంచాన్ని తనకు అర్థమైనట్టు చెబుతాడు. అందులో పెద్దవాళ్ళ అసలు రంగు బయటపడుతుంది. రెండు చోట్లా కథకుడికీ రచయితకూ మధ్య ఒక ఖాళీ ఉంది. హాస్యమంతా ఆ ఖాళీలోనే పుట్టింది. మాస్టారు రచయిత పేరు జవాబుగా ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పార్వతీశం మొక్కపాటివారు కాదు. బుడుగు ముళ్ళపూడివారు కాదు.

హాస్యంలో దీన్ని అందరూ ఒప్పుకుంటారు. గంభీరమైన రచన దగ్గరికి వచ్చేసరికి మరచిపోతారు. చలం 'మైదానం' 1927లో వచ్చింది. చెప్పేది రాజేశ్వరి. భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన ఆమె తన జీవితాన్ని తన మాటల్లో, తన ఆవేశంలో, తన సమర్థనలతో చెబుతుంది. ఆమె ప్రతి వాక్యాన్నీ చలం సిద్ధాంతంగా పట్టుకుని పొగిడినవాళ్ళు ఉన్నారు, తిట్టినవాళ్ళు ఉన్నారు. అమీర్ ఆమెను బాధపెట్టిన చోట్ల ఆమె ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా దాటేస్తోంది, తన బాధకు తానే ఎలాంటి అర్థం వెతుక్కుంటోంది అని చూసినవాళ్ళు తక్కువ. రాజేశ్వరి చెప్పేదాన్ని నమ్మాలా, ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న వేసుకుని చదివితే 'మైదానం' మరింత లోతైన నవల అవుతుంది.

ఇది తరగతి గది దాటిన విషయం. ఒక పాత్ర నోటి మాటను రచయిత అభిప్రాయంగా పట్టుకుని కథ మీద, రచయిత మీద దండెత్తడం మన భాషలోనూ జరిగింది, ఇతర భాషల్లోనూ జరిగింది. రచయిత బాధ్యత లేనివాడని నేను అనడం లేదు. కథ మొత్తానికి ఆయనే బాధ్యుడు. కానీ కథ మొత్తం అంటే ఆ పాత్రను ఎక్కడ నిలబెట్టాడు, ఆ మాటకు ఎదురుగా ఏ సంఘటన పెట్టాడు, ఎవరు విన్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు అన్నవన్నీ కలిపి. ఒక్క వాక్యాన్ని తుంచి తీర్పు చెప్పేవాడు కథ చదవలేదు. ఈ ఒక్క సంగతి మన విద్యార్థులకు బాగా ఒంటబడితే సమాజానికి ఎంతో మేలని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

ప్రథమ పురుష కథనంలోనూ అన్నీ ఒకటి కావు. 'వేయిపడగలు'లో విశ్వనాథవారి కథకుడు సుబ్బన్నపేట గతమూ వర్తమానమూ ఎరిగినవాడు. మనుషుల మనసుల్లోకి, ఊరి పురాణంలోకి ఒకే చొరవతో వెళతాడు, తన అభిప్రాయం దాచుకోడు. రావిశాస్త్రిగారి 'అల్పజీవి'లో కథకుడు సుబ్బయ్య అనే భయస్తుడైన చిన్న ఉద్యోగిని వదిలి దూరం పోడు. లోకమంతా ఆ భయంలోంచే కనబడుతుంది. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి ఒక్క రోజు ఆలోచనల ప్రవాహమే ఆ నవల. తరాల కాలం ఒకచోట, ఒక రోజు ఇంకొకచోట. కాలాన్ని ఎంత సాగదీయాలి, ఎంత కుదించాలి అన్నది కూడా కళ్ళు ఎవరివన్న దాన్ని బట్టే తేలిందని గమనించండి. ఆదుర్దాలో ఉన్న మనసుకు ఒక్క రోజు నవలంత ఉంటుంది.

కథకుడు ఒక మనసు తెరిచి ఇంకో మనసు మూసి ఉంచడం ఎంత పని చేస్తుందో పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'లో చూడొచ్చు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో 1952లో దీనికి రెండో బహుమతి వచ్చింది. రావుగారు నియమాల మనిషి. రైల్లో ముష్టి ఎత్తే ఆవిడంటే ఆయనకు చిరాకు. గాలివానకు రైలు ఆగిపోతుంది. ఆ రాత్రి స్టేషనులో ఆయన్ను భయం నుంచి కాపాడింది ఆవిడ తోడు. తెల్లారి ఆమె శవం కనబడుతుంది. రావుగారి పర్సు ఆమె దగ్గర ఉంది.

నేపథ్యం అంటే స్థలం, కాలం, వాతావరణం అని రాసి ఊరుకుంటాం. ఇక్కడ గాలివాన వెనక వేలాడుతున్న తెర కాదు. రావుగారు ఏళ్ళ తరబడి పేర్చుకున్న విలువల మీద అది నేరుగా పనిచేసింది. నేపథ్యం ఒక పాత్రను కదిలించలేకపోతే కథలో అది అదనపు బరువు. ఇక దృక్కోణం సంగతి. రచయిత రావుగారి మనసును తెరిచి పెట్టి, ఆవిడ మనసును పూర్తిగా మూసి ఉంచారు. ఆమెకు ఆయన మీద ఉన్నది ప్రేమా, జాలా, పర్సు మీద కన్నా, మూడూనా? ఆమె మనసులోకి ఒక్క వాక్యం వెళ్ళినా మనకు జవాబు దొరికేది, రావుగారి దుఃఖం బరువు పోయేది. తెలియకుండానే ఆయన ఆమె కోసం ఏడవాలి. అది ఆ కథ నిర్ణయం.

ఇంతకంటే పొదుపైన పద్ధతి చాసోది. 'ఎంపు'లో ముష్టివాళ్ళ ఇంట్లో కూతురి పెళ్ళి మాటలు జరుగుతాయి. కూతురి మనసు ఒకరి మీద ఉంది. తండ్రి లెక్క వేరు: గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది, వాడైతే కూతురికి తిండికి లోటుండదు. ఎంత బాధ్యత గల తండ్రి చేసే లెక్కో అంతే బాధ్యతగా ఆ లెక్క సాగుతుంది. కథకుడు జాలి పడడు, వ్యాఖ్యానించడు. ఆ మౌనం వల్ల మన ఇళ్ళలో జరిగే పెళ్ళి బేరాలు ఆ మాటల వెనక నిలబడతాయి. వస్తువు ఏమిటని పరీక్షలో అడిగితే బిచ్చగాళ్ళ జీవితం అని రాస్తారు. అది విషయం మాత్రమే. వస్తువు కథకుడి మౌనంలో ఉంది.

పాత్రల గురించి మాట్లాడితే ఇ.ఎం. ఫాస్టర్ పేరు తప్పదు. 1927లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాల నుంచే ఒకే గుణం చుట్టూ కట్టిన పాత్రలు, మనల్ని నమ్మిస్తూనే ఆశ్చర్యపరచగల పాత్రలు అన్న విభజన ప్రచారంలోకి వచ్చింది. అవి కూడా ఇలాంటి ధర్మనిధి ఉపన్యాసాలే. ఆ విభజన ఉపయోగపడుతుంది, కానీ మొదటి రకాన్ని తక్కువ చేసి చూడటం తగదు. చిలకమర్తివారి గణపతి పెద్దగా మారడు. అయినా తెలుగువాళ్ళు ఆ పేరు మరచిపోలేదు. పాత్ర మారిందా లేదా అని కాదు, కథకు అది చేయవలసిన పని చేసిందా అని చూడాలి. దీని మీద ఇంతకంటే చెప్పను.

'యజ్ఞం' దగ్గర కాసేపు ఆగుతాను. కారా మాస్టారని అందరూ పిలుచుకునే కాళీపట్నం రామారావుగారి ఈ పెద్ద కథ 1960ల మధ్యలో వచ్చింది. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు గోపన్నకు బాకీ ఉన్నాడు. శ్రీరాములునాయుడు పెద్దమనిషిగా తగువు తీర్చాలి. కథలో ఎక్కువ భాగం ఆ తగువే. మధ్యలో ఊరు ఎలా మారింది, ఎవరు పైకి వచ్చారు, ఎవరు దిగజారారు అన్న చరిత్ర నిదానంగా సాగుతుంది. మొదటిసారి చదివే విద్యార్థులు ఇక్కడ విసుక్కుంటారు, కథ నడవడం లేదంటారు. తీర్పు న్యాయంగానే కనబడుతుంది, తీసుకున్న అప్పు తీర్చాలి కదా. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. అప్పుడు అతని కొడుకు సీతారాముడు, ఉన్న కాస్త భూమీ పోతే తన బిడ్డలు పాలేర్లే కదా అని, పసిబిడ్డను నరికి ఆ పెద్దల ముందుకు తెస్తాడు.

ఆ ముగింపు మీద తెలుగులో ఎంత వాదం జరిగిందో పెద్దలకు తెలుసు. అది సాధ్యమా, సమంజసమా, రచయిత ఏ పక్షం అని ఏళ్ళ తరబడి రాశారు. నేను ఇక్కడ ఒక్కటే చూపిస్తాను. కథకుడు చాలాసేపు పెద్దమనుషుల వైపు కూర్చుని, వాళ్ళ నిదానంతో, వాళ్ళ న్యాయంతో, వాళ్ళ భాషతో మనకు కథ చెప్పాడు. మనం కూడా ఆ రచ్చలో కూర్చుని తలలు ఊపాం. అలా ఊపాక ఆ బిడ్డను మన ముందు పెట్టాడు. సీతారాముడి మనసును ముందునుంచీ తెరిచి చూపించి ఉంటే మనం అతని మీద జాలితో సిద్ధంగా ఉండేవాళ్ళం, తీర్పులో మనకు పాలు ఉండేది కాదు. విసుగనిపించిన ఆ పేజీలే మనల్ని తీర్పులో భాగస్థుల్ని చేశాయి. కారా మాస్టారి శిల్పం గురించి నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికంటే పెద్ద విషయం.

ఇంతసేపు కళ్ళ గురించి చెప్పాను. గొంతు సంగతి కూడా ఉంది. ఎవరు చూస్తున్నారు అన్నది ఒక ప్రశ్న, ఎవరి భాషలో చెబుతున్నారు అన్నది రెండోది. గురజాడ కథలో రాముడు తన భాష తాను మాట్లాడతాడు. కథనం మాత్రం చదువుకున్నవాళ్ళది. చాలాకాలం మన కథల్లో ఇదే ఏర్పాటు: యాస కొటేషన్ గుర్తుల లోపల, శిష్టభాష వాటి బయట. దాని వల్ల తెలియకుండా ఒక హోదా ఏర్పడుతుంది. యాస మాట్లాడేవాడు చూడబడేవాడు, శిష్టభాష రాసేవాడు చూసేవాడు. పాకాల యశోదారెడ్డిగారు పాలమూరు పలుకుబడితోనూ, నామిని చిత్తూరు పల్లె మాటతోనూ కథ చెప్పినప్పుడు ఆ గుర్తులు చెరిగిపోయాయి. కథనమే యాసలోకి వచ్చింది. నామిని కథల్లో పేదరికం గురించి ఎవరో మనకు వివరించడం లేదు. ఆ ఇంటి పిల్లవాడు తన అమ్మ గురించి, తన ఊరి గురించి చెప్పుకుంటున్నాడు. భాష మారడంతో చూసేవాడి స్థానమే మారింది. శైలిని అలంకారంగా చూసేవాళ్ళు ఈ మార్పును పట్టుకోలేరు.

ఈ దారిలో చూస్తే తెలుగు కథాసాహిత్య చరిత్ర అంతా, చెప్పే పీఠం మీద ఎవరు కూర్చున్నారన్న చరిత్రగా కనబడుతుంది. 'రాజశేఖర చరిత్రము'లో వీరేశలింగంగారి కథకుడు సంస్కర్త, పై నుంచి చూసి బుద్ధి చెబుతాడు. 1922 నాటి 'మాలపల్లి'లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు రామదాసు కుటుంబాన్ని నవలకు నడిమధ్యన నిలబెట్టారు. ఆ కాలానికి అది సామాన్యమైన ధైర్యం కాదు. అయితే చెప్పే గొంతు బయటి నుంచి వచ్చిన సానుభూతిపరుడిది. ఆ వాడ మనుషులు తమ కథ తామే చెప్పడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. గోగు శ్యామల కథల్లో తెలంగాణ దళితవాడ పిల్లల చూపుతో, ఆ ఇళ్ళ మాటతో కనబడుతుంది. అక్కడ దుఃఖం ఉంది, దానితోపాటు 'మాలపల్లి' కథకుడికి అందని ఆటలూ పనితనమూ గర్వమూ ఉన్నాయి. బయటివాళ్ళు రాయకూడదని నేను అనను. ఉన్నవవారు రాయకపోతే తెలుగు నవల ఎంత చిన్నదయ్యేదో మనకు తెలుసు. కానీ ఆ దూరాన్ని గుర్తుపట్టి చదవడం పాఠకుడి బాధ్యత.

ఓల్గా 'విముక్త' కథలు 2015లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాయి. సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిస్తే ఏం మాట్లాడుకుంటారన్నది ఆ కథలు. రామాయణ ఇతివృత్తం మనందరికీ తెలిసిందే. కళ్ళు సీతవి కాగానే రాజ్యం, శీలం, భద్రత అన్న మాటలన్నీ తమ అర్థం చెప్పుకోవలసి వచ్చింది. వస్తువు సంగతుల్లో ఉండదు, చూపులో ఉంటుందని ఇంతసేపు నేను చెప్పిన మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

విద్యార్థులకు రెండు పుస్తకాల పేర్లు చెబుతాను. మదనపల్లెలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారు 'నవలాశిల్పం', 'కథాశిల్పం' రాశారు. రెండోదానికి 1999లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఈ పారిభాషిక పదాలను తెలుగు రచనల మీద పరీక్షించి చూపిన పుస్తకాలవి. వాటిని కథల బదులు చదవకండి. కథలు చదివిన తర్వాత చదవండి.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. కథాసారాంశం రాయమనే ప్రశ్నను వచ్చే ఏడాది నుంచి పక్కన పెట్టండి. దానికి బదులు, చదివిన కథలో ఒక ఘట్టాన్ని ఇంకో పాత్ర కళ్ళతో ఒక పేజీలో తిరగరాయమని, రాశాక ఏది పోయింది, ఏది వచ్చింది చెప్పమని అడగండి. కమలిని చేత చెప్పించండి. రాముడి చేత చెప్పించండి. అప్పల్రాముడి కోడలి చేత చెప్పించండి, బిడ్డ తల్లి ఆవిడే. ఈ జవాబులకు గైడు ఉండదు. దిద్దడం కష్టమవుతుంది, ఆ కష్టం పడదాం.

విద్యార్థులకూ ఒక పని ఉంది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు, తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. చిన్న పత్రికల్లో వచ్చి కనబడకుండా పోయిన కథల్లోనే, పీఠం మీద అంతకుముందు కూర్చోని మనుషుల గొంతులు ఎక్కువగా ఉన్నాయి. మీ ఇళ్ళలో, మీ ఊరి గ్రంథాలయాల్లో పాత కథల పత్రికలు, సంపుటాలు ఉంటే చిత్తుకాగితాల కింద అమ్మనివ్వకండి. ఒక్కసారి తెరిచి చదవండి, ఎవరు చెబుతున్నారో చూడండి, చూశాక ఆ ప్రతిని కథానిలయానికి పంపండి.